కారణం తెలియడం లేదన్నారు: ఐయూఐ సరిపోతుందా, నేరుగా ఇక్సీకి వెళ్లాలా?

ప్రశ్న (పాలకొల్లు నుంచి): అందరికీ నమస్కారం. నాకు 29 ఏళ్లు, మా వారికి 33. పెళ్లై నాలుగేళ్లు. నెలసరి సక్రమంగా వస్తుంది. ట్యూబులు తెరుచుకునే ఉన్నాయని ఎక్స్‌రేలో తేలింది. ఆయన వీర్య పరీక్ష కూడా బాగుంది. "కారణం కనిపించడం లేదు, ఇక ఆలస్యం వద్దు, ఇక్సీ (ల్యాబ్‌లో వీర్యకణాన్ని సూదితో అండంలోకి పంపే పద్ధతి) చేయించుకోండి" అన్నారు డాక్టరుగారు. చెరువు లీజు డబ్బు రాగానే ఇస్తానని మా మామగారు అంటున్నారు. అంత డబ్బు ఖర్చు పెట్టేముందు మీ మాట వినాలని ఉంది.

జవాబు (అమలాపురం నుంచి): చెల్లెమ్మా, పెళ్లై నాలుగేళ్లు సరే, ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నది ఎన్ని నెలలు? మా వారు కువైట్‌లో ఉన్న రోజుల్లో ఏడాదికి నలభై రోజులే ఇంట్లో ఉండేవారు. చుట్టాలు మాత్రం పెళ్లినాటి నుంచి లెక్కపెట్టి నన్ను గొడ్రాలన్నారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. 35 లోపు వయసైతే, కనీసం 12 నెలలు కలిసి ఉండి ప్రయత్నించాకే దీన్ని సంతానలేమి అంటారు. 35 దాటితే 6 నెలలకే పరీక్షలు మొదలుపెడతారు.

ప్రశ్న అడిగినవారు: అక్కా, ఆయన మస్కట్ నుంచి పూర్తిగా వచ్చేసి 14 నెలలే అయింది. ఈ సంగతి డాక్టరుగారు అడగలేదు, నేనూ చెప్పలేదు.

జవాబు (కాకినాడ నుంచి, పిండాల ల్యాబ్‌లో పనిచేస్తాను): అమ్మా, అది ముందు చెప్పండి. మీ వయసుకు ఇంకొన్ని నెలలు ఆగినా తప్పులేదు. ఆగలేమనుకుంటే మొదటి మెట్టు, అండం విడుదలకు తోడ్పడే మాత్రలతో ఐయూఐ. వీర్యాన్ని ల్యాబ్‌లో శుద్ధి చేసి, చురుకైన కణాలను సన్నని గొట్టంతో గర్భసంచిలోకి పంపుతారు. మత్తు అక్కర్లేదు. సహజంగా గర్భం నిలిచే అవకాశం తక్కువని అంచనా వేసిన 201 జంటలపై న్యూజిలాండ్‌లో చేసిన పరిశోధన 2018లో వెలువడింది. క్లోమిఫిన్ మాత్రలతో మూడు విడతల ఐయూఐ చేయించుకున్నవారిలో నూటికి 31 మందికి బిడ్డ పుడితే, అంతేకాలం ఊరికే ఎదురుచూసినవారిలో 9 మందికే పుట్టింది. మాత్రలకు బదులు హార్మోన్ ఇంజెక్షన్లు ఇస్తామంటే కవలల గురించి గట్టిగా అడగండి. 2015లో వచ్చిన అమెరికా పరిశోధనలో, ఇంజెక్షన్లతో నిలిచిన గర్భాల్లో దాదాపు మూడో వంతు కవలలు, ముగ్గురు పిల్లల గర్భాలే.

ఇక ఐవీఎఫ్, ఇక్సీల సంగతి. ఐవీఎఫ్‌లో అండాలను బయటికి తీసి, ల్యాబ్‌లో అండం చుట్టూ వేల వీర్యకణాలను వదిలితే వాటిలో ఒకటి తనంతట తానే లోపలికి వెళుతుంది. ఇక్సీలో ఒక్క కణాన్ని మేమే సూదితో అండంలోకి పంపుతాం. వీర్యంలో లోపం ఉన్నవారికి అది వరం. లోపం లేనప్పుడు అదనపు లాభమేమీ కనిపించలేదు: వీర్యకణాల సంఖ్య, కదలిక మామూలుగా ఉన్న 1,064 జంటలతో వియత్నాంలో చేసి 2021లో ప్రచురించిన పరిశోధనలో పిండాన్ని మొదటిసారి గర్భసంచిలోకి పంపినప్పుడు ఇక్సీతో నూటికి 35 మందికి, ఐవీఎఫ్‌తో 31 మందికి బిడ్డలు పుట్టారు. అంత చిన్న తేడా యాదృచ్ఛికంగా కూడా రావచ్చు. అయితే కారణం తెలియని జంటల్లో కొందరికి ఐవీఎఫ్‌లో ఒక్క అండమూ ఫలదీకరణ చెందదు. ఆ దుఃఖం నేను దగ్గరనుంచి చూశాను. అండాలు తగినన్ని వస్తే సగం ఐవీఎఫ్‌కు, సగం ఇక్సీకి పెట్టగలరా అని అడగండి.

అమలాపురం నుంచి మళ్లీ: చెల్లెమ్మా, వేరే డాక్టరుకు చూపిస్తే ఆ ట్యూబుల ఎక్స్‌రే ఫిల్ములు తప్పకుండా తీసుకెళ్లు. నేను ఇంట్లో మరచిపోతే ఆ పరీక్ష మళ్లీ చేశారు, ఆ నొప్పి రెండోసారి భరించాల్సి వచ్చింది.