గ్రంథాలయ పోస్టర్లు: 1930ల సిల్క్‌స్క్రీన్ పనిలో కళ ఎక్కడుంది? తెలుగులో కుదురుతుందా?

ప్రశ్న (పుస్తకాల గూడు):
నవంబరు 14–20 గ్రంథాలయ వారోత్సవాలకు మా శాఖా గ్రంథాలయం కోసం 100 పోస్టర్లు స్క్రీన్ ప్రింటింగ్‌లో (అదే సిల్క్‌స్క్రీన్: ఫ్రేమ్‌కు బిగించిన సన్నని గుడ్డ తెర గుండా ఇంకు లాగి అచ్చు వేయడం) వేయించాలి. అమెరికాలో 1930ల మాంద్యంలో పని కల్పించిన ప్రభుత్వ సంస్థ డబ్ల్యూపీఏ కింద, ముఖ్యంగా ఇల్లినాయి రాష్ట్రంలో వేసిన గ్రంథాలయ పోస్టర్లను నమూనాగా అనుకుంటున్నాం. ప్రచారం కోసం వేసినవాటిని కళగా ఎందుకు దాచుకున్నారు? తెలుగు అక్షరాలతో ఆ పద్ధతి నడుస్తుందా?

సిరాగీత:
1936–43 మధ్య వేసినవాటిలో మిగిలినట్టు తెలిసినవి దాదాపు 2,000 అండీ. 900 పైచిలుకు వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లోనే ఉన్నాయి. మొదట్లో ఒక్కొక్కటీ చేత్తో వేసేవారు. న్యూయార్క్‌లో చిత్రకారుడు ఆంథనీ వెలోనిస్ సిల్క్‌స్క్రీన్ ప్రవేశపెట్టాక రూపమే మారిపోయింది. రంగుకో తెర కావాలి, కత్తితో కోసిన స్టెన్సిల్‌లో (ఇంకు పడాల్సిన చోట మాత్రమే ఖాళీ వదిలిన అడ్డు) మెత్తటి నీడలు రావు. అందుకే పెద్ద ఆకారాలు, పదునైన అంచులు, ఒకే మోతాదులో పరిచిన రంగు. ఆ ఇరుకులోంచే వాటి అందం పుట్టింది.

మాటలు కూడా చూడండి. ఇల్లినాయి వాళ్ళు నెలకో మాట పట్టుకున్నారు: సెప్టెంబరులో పనికి, బడికి, పుస్తకాలకు తిరిగి రండి అని, మార్చిలో ఎన్నాళ్ళుగానో చదవాలనుకున్నవి చదవండి అని. ఈ రెండింటిలో విజ్ఞానం, దేవాలయం వంటి పెద్ద మాటలు లేవు. మన పోస్టర్లలో నాలుగు నినాదాలు, ఆరు ఫొటోలు కూరితే కన్ను ఎక్కడా నిలవదు.

అచ్చుగుమ్మం:
పనికొచ్చే లెక్కలు చెప్తాను. ఆ పోస్టర్లలో 14×22 అంగుళాలవి చాలా ఉన్నాయి. 23×36 షీటు సగం చేస్తే 18×23, అంచులు కోసుకోవచ్చు. ఫ్రేమ్ లోపలి కొలత బొమ్మకంటే నాలుగు వైపులా 4 అంగుళాలు ఎక్కువుండాలి. లేకపోతే అంచుల దగ్గర మెష్ (తెర గుడ్డ) సాగక ఇంకు అలుక్కుపోతుంది. మెష్‌కీ కాగితానికీ మధ్య 2–3 మి.మీ. ఎడం వదలండి. లేత రంగు ముందు, ముదురు తర్వాత. లేత రంగు అంచును ముదురు కిందికి 1 మి.మీ. పొడిగించండి, తెల్ల సందు కనబడదు. పసుపు మీద పారదర్శకంగా కలిపిన నీలం పడితే ఆకుపచ్చ వస్తుంది, ఒక తెర ఖర్చు మిగులుతుంది.

నవంబరులో కోస్తాలో ముసురు. కాగితం తేమ పీల్చి సాగితే రెండో రంగు, రంగులు సరిగ్గా కలవడానికి పెట్టిన గుర్తుల మీద కూర్చోదు. కట్ట విప్పి ఒక రోజు ముందే అచ్చు గదిలో ఉంచండి, 15 షీట్లు ఎక్కువ తీసుకోండి.

ఒత్తు:
అచ్చుగుమ్మం గారు చెప్పినవాటికి ఒకటి కలుపుతాను: ‘గ్రంథాలయం’లో ‘థ’ నడుమ చుక్క. ముదురు రంగు మధ్య అక్షరాన్ని కాగితపు తెలుపుగా వదిలితే, ఇంకు వ్యాపించి ఆ చుక్కను మింగేస్తుంది. గోడ మీద ‘గ్రంధాలయం’ అని తప్పు నిలుస్తుంది. అందుకని చుక్క కనీసం 2 మి.మీ. ఉండాలి. అదే అక్షరాన్ని ఇంకుతో వేస్తే చుక్క చుట్టూ ఉన్న ఖాళీ పూడుతుంది, దాన్నీ అంతే ఉంచండి. కాగితపు స్టెన్సిల్ కోస్తే తెలుపుగా వదిలే చుక్కా, ఇంకుతో వేసే సున్నా నడిమి భాగమూ దేనికీ అంటుకుని ఉండవు కాబట్టి ఊడిపోతాయి. ఎమల్షన్ (వెలుతురుకు గట్టిపడే పూత) పూసిన తెర అయితే ఆ బాధ లేదు.

ఇంగ్లీషు అక్షరాల కోణాలను మాత్రం తెలుగుకు తగిలించొద్దు. మన అక్షరం గుండ్రన. తలకట్టునూ వత్తునూ బ్రష్‌తో రాయించి, ఆ రాతనే ఎమల్షన్ తెర మీదికి దించే పారదర్శక ఫిల్ముకెక్కించండి.

పుస్తకాల గూడు:
అయితే రెండు తెరలు, ఒకే వాక్యం, చేతిరాత. ‘థ’ను ఇంకుతోనే వేయిస్తాం.

అచ్చుగుమ్మం:
మంచిది. మొదటి షీటు ఆరాక పది అడుగుల దూరం నుంచి చదివి చూడండి, తర్వాతే మిగతావి లాగించండి.