పాత మోటారు బోటు: ఎవరు తయారు చేశారో ఎలా తెలుస్తుంది? ఏ ఇంజను నమ్మొచ్చు?

నీలాంకరై_వాసి:

అందరికీ నమస్కారం. చెన్నై ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద ఒక గెస్ట్‌హౌస్ చేతులు మారుతోంది. దాని షెడ్డులో ఏళ్లుగా కదలకుండా పడున్న ఫైబర్ మోటారు బోటు ఒకటి ఉంది. ట్రైలర్‌తో సహా ఇచ్చేస్తామంటున్నారు. టేపు పెట్టి కొలిస్తే 17 అడుగుల పైచిలుకు. ముందు భాగంలో కూర్చోడానికి సీట్లు, మధ్యలో అద్దం, కుడి పక్క స్టీరింగ్. పాత యజమాని విదేశం నుంచి ఇంటి సామానుతో పాటు కంటైనర్లో తెచ్చుకున్నారట. కాగితాలు లేవు. పైనుంచి కింద దాకా నీలం పెయింటు కొట్టేశారు, పేరూ గుర్తూ ఏమీ కనబడవు.

మధ్యవర్తి మాత్రం "టెలిఫ్లెక్స్ కంపెనీ బోటు సార్, యమహా ఇంజను, కళ్లు మూసుకుని తీసుకోండి" అంటున్నాడు. స్టీరింగ్ మీద టెలిఫ్లెక్స్ అని నిజంగానే ఉంది. ఇంజను మూత మీద యమహా స్టిక్కర్ కూడా ఉంది.

ఇక్కడ ముట్టుకాడు, కోవళం వైపు తిప్పుకోవాలనీ, సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు తడ దగ్గర పులికాట్‌లో దింపాలనీ ఆశ. ఇది ఏ కంపెనీదో తెలుసుకునే దారేమిటి? ఇంజను రిపేరు చేయించడం మేలా, మార్చడం మేలా?

కాశిమేడు_మెకానిక్:

కళ్లు మూసుకుని తీసుకోమన్నాడంటే తెరిచి చూడమనే అర్థం తమ్ముడూ. మూత మీద స్టిక్కర్ ఎవరైనా అతికిస్తారు. ఇంజనుని బోటు వెనక పలకకి బిగించే బ్రాకెట్ ఉంటుంది కదా, దాని మీద చిన్న రేకు ఉంటుంది. పెయింటు కింద దాక్కుని ఉండొచ్చు. దాన్ని శుభ్రం చేసి ఫోటో పెట్టు. మూత తీసి ఇంకో ఫోటో పెట్టు. అప్పుడు మాట్లాడదాం.

రిటైర్డ్_చీఫ్_ఇంజనీర్ (తిరువాన్మియూర్):

టెలిఫ్లెక్స్ అనేది స్టీరింగులు, కేబుళ్లు, గేర్ లీవర్లు చేసిన కంపెనీ, బోట్లది కాదు. తాళ్లు కట్టే కొక్కేల మీద అట్‌వుడ్ అనో, లైట్ల మీద పెర్కో అనో కనబడినా అంతే, అవన్నీ విడిభాగాల పేర్లు. ట్రైలర్ మీద ఉన్న పేరు ట్రైలర్‌దే. పాత బోటు కొనేవాళ్లలో సగం మంది ఇక్కడే పప్పులో కాలేస్తారు.

మీరు వెతకాల్సింది హెచ్ఐఎన్, అంటే హల్ గుర్తింపు సంఖ్య. అమెరికాలో 1972 నవంబర్ 1 తర్వాత తయారైన ప్రతి బోటుకీ ఇది తప్పనిసరి. బోటులో ముందుకు చూస్తూ నిలబడితే, మీ కుడి చేతి వైపు, వెనక పలక బయటి భాగంలో, పై అంచుకి రెండు అంగుళాల లోపల ఉంటుంది. మొత్తం 12 అక్షరాలూ అంకెలూ. మొదటి మూడు అక్షరాలు తయారీదారు కోడ్. ఏ కోడ్ ఎవరిదో అమెరికా కోస్ట్ గార్డ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా చూసుకోవచ్చు. తర్వాతి ఐదూ సీరియల్ నంబరు. చివరి నాలుగింట్లో తయారైన నెల, సంవత్సరం, మోడల్ సంవత్సరం ఉంటాయి.

ఈ చివరి నాలుగింటి పద్ధతి 1984 ఆగస్టు నుంచి మారింది. కొత్త పద్ధతిలో ముందు నెలను చెప్పే అక్షరం: ఏ అంటే జనవరి, అలా ఎల్ అంటే డిసెంబర్. దాని పక్కన సంవత్సరంలోని చివరి అంకె. ఆ తర్వాత రెండంకెల మోడల్ సంవత్సరం. అంతకు ముందు పద్ధతుల్లో ఒకదాంట్లో ఎం అనే అక్షరం వస్తుంది, అక్కడ నెలల లెక్క ఆగస్టుతో మొదలవుతుంది, కాబట్టి తికమక పడొద్దు.

అమెరికా బోటే అయితే ఇంకో ఆధారం ఉంది. 20 అడుగుల లోపు వాటికి డ్రైవర్ దగ్గరలో ఒక పలక బిగిస్తారు. ఎంతమంది ఎక్కొచ్చు, ఎంత బరువు వేయొచ్చు, ఔట్‌బోర్డ్ (బోటు వెనక బయట బిగించే ఇంజను) అయితే గరిష్ఠంగా ఎన్ని హార్స్‌పవర్ పెట్టొచ్చు అన్నవి దాని మీద ఉంటాయి. చాలా పలకల మీద తయారీదారు పేరు కూడా ఉంటుంది. ఐరోపా నుంచి వచ్చినదైతే 1998 జూన్ తర్వాతి వాటి మీద సీఈ గుర్తు (అక్కడి ప్రమాణాలకి సరిపోతుందని చెప్పే ముద్ర) తప్పనిసరి, సంఖ్య మొదట్లో దేశం కోడ్ వస్తుంది.

నీలాంకరై_వాసి:

చాలా థాంక్స్ సర్. డ్రైవర్ దగ్గర ఉండాల్సిన పలక ఊడిపోయింది, నాలుగు రివెట్ రంధ్రాలు మాత్రం ఉన్నాయి. వెనక కుడి మూల పెయింటు మందంగా ఉంది. గ్రైండర్ పెట్టించమంటారా?

రిటైర్డ్_చీఫ్_ఇంజనీర్:

వద్దు, వద్దు! గ్రైండర్ పెడితే పెయింటుతో పాటు అంకెలూ పోతాయి. పెయింటు తీసే ఘాటు రసాయనాలు కూడా జెల్‌కోట్‌ని (ఫైబర్ మీది నున్నటి పై పొరని) పాడు చేస్తాయి. 400 నంబర్ వాటర్ పేపర్ తెచ్చుకుని, నీళ్లు పోస్తూ, చేత్తో కొంచెం కొంచెంగా రుద్దండి. చీకటి పడ్డాక టార్చి పక్కవాటుగా వేసి చూస్తే గుంటలు తేలతాయి. గుంటల్లో సుద్దపొడి రాస్తే ఇంకా బాగా తెలుస్తుంది. అక్కడ దొరక్కపోతే, అలాంటిదే ఇంకో సంఖ్య ఎక్కడో లోపల కనిపించని చోట కూడా ఉంచుతారు. ఏదో బిగింపు కిందో, సీటు కిందో వెతకాలి.

నెల్లూరు_కుర్రాడు_ఓఎంఆర్:

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మా మామయ్య దగ్గర ఒక పాత జాన్సన్ ఉంది. రేకు మీద సంవత్సరం లేదు, మోడల్ నంబర్ చివర సి, ఇ, బి అని ఉంది. దాన్నుంచి ఏదైనా తెలుస్తుందా?

కాశిమేడు_మెకానిక్:

తెలుస్తుంది. జాన్సన్, ఎవిన్‌రూడ్ రెండూ ఓఎంసీ అనే ఒకే కంపెనీవి. 1980 మోడళ్ల నుంచి వాళ్లు ఇంట్రడ్యూసెస్ అనే మాటని అంకెల తాళంలా వాడారు. ఇంగ్లీషులో ఆ మాటకి పది అక్షరాలు కదా, మొదటి అక్షరం ఐ అంటే 1, ఎన్ అంటే 2, అలా వరసగా చివరి ఎస్ అంటే 0. సి ఎనిమిదోది, ఇ తొమ్మిదోది. అంటే మీ మామయ్యది 1989 మోడల్. చివరి బి లెక్కలోకి రాదు, అది సవరణ గుర్తు. రేకే ఊడిపోతే ఇంజను బ్లాక్ మీద ఒక గుండ్రటి మూత మీద కూడా నంబర్ గుద్ది ఉంటుంది.

ఓఎంసీ 2000 డిసెంబర్‌లో దివాలా తీసింది. తర్వాత బొంబార్డియర్ చేతికి వచ్చింది, 2020లో ఎవిన్‌రూడ్ తయారీ కూడా ఆపేశారు. పార్టులు ఇంకా దొరుకుతాయి గానీ వెతుక్కోవాలి.

నీలాంకరై_వాసి:

దొరికింది! పేపర్‌తో రుద్దితే అక్షరాలు బయటపడ్డాయి. మొదటి మూడు బి, ఎల్, బి. చివరి నాలుగు ఇ, 8, 8, 9. ఇంజను బ్రాకెట్ మీద రేకూ శుభ్రం చేశాను, ఫోర్స్ అని ఉంది. మూత తీస్తే మూడు సిలిండర్లు.

రిటైర్డ్_చీఫ్_ఇంజనీర్:

బాగుంది. బి, ఎల్, బి అంటే బేలైనర్. చివర ఇ అంటే మే నెల, పక్కన 8 అంటే 1988, ఆ తర్వాత 89 అంటే 1989 మోడల్. మే నెలలో తయారై వచ్చే ఏడాది మోడల్‌గా అమ్మారన్నమాట. కార్లలో ఉన్న పద్ధతే. ముందు సీట్లు, మధ్యలో అద్దం, 17 అడుగులు అంటే అప్పటి కాప్రి వరసకి సరిపోతుంది. కచ్చితమైన మోడల్ మాత్రం సీరియల్ నంబరుతో కంపెనీ పాత కేటలాగులు చూసి తేల్చుకోవాలి.

బేలైనర్ 1957లో మొదలైంది. 1986లో బ్రన్స్‌విక్ కొనేసింది. మెర్క్యురీ ఇంజన్లదీ అదే యాజమాన్యం. ఇప్పుడు ఫోర్స్ కథ చూడండి. క్రైస్లర్ ఔట్‌బోర్డ్ వ్యాపారాన్ని 1984లో బేలైనర్ వాళ్ల యూఎస్ మెరైన్ తీసుకుని, ఆ ఇంజన్లకి ఫోర్స్ అని పేరు పెట్టింది. బోటు, ఇంజను, ట్రైలర్ మూడూ కలిపి ఒకే ధరకి అమ్మేవాళ్లు. మీ దగ్గరున్నది అలాంటి సెట్టే అయ్యుంటుంది. కాబట్టి ఈ ఇంజను యమహా కాదు, కానీ ఈ బోటుతో పుట్టిందే కావొచ్చు.

కాశిమేడు_మెకానిక్:

చూశావా! ఆ స్టిక్కర్‌కి డబ్బులివ్వకు. ఫోర్స్ తయారీ 1990ల చివర్లోనే ఆగిపోయింది. కొన్ని పార్టులు మెర్క్యురీ ద్వారా వస్తాయి, అవీ తెప్పించుకోవాలి. చెన్నైలో నాలాంటి వాడి షెల్ఫులో ఉండవు. పాత విడిభాగాలు అమ్మే పుదుపేటలో బేరింగ్ దొరకొచ్చు, ఇగ్నిషన్ బాక్సు దొరకదు.

అయినా పరీక్షించకుండా పారేయమనను. ప్లగ్గులన్నీ తీసి ఒక్కో సిలిండర్‌కి కంప్రెషన్ (లోపలి ఒత్తిడి) కొలిచే గేజ్ పెట్టించు. మూడింటి మధ్యా తేడా 10 శాతం దాటితే ఆశ వదులుకో. కింద గేర్ ఆయిల్ స్క్రూ విప్పి చూడు, పాలలా తెల్లగా వస్తే సీలు పోయి నీళ్లు చేరాయి. నీళ్ల పంపులోని రబ్బరు ఇంపెల్లర్ ఏళ్ల తరబడి కదలకపోతే గట్టిపడి రెక్కలు విరిగిపోతాయి. అది మార్చకుండా స్టార్ట్ చేస్తే నిమిషాల్లో వేడెక్కి సీజ్ అవుతుంది. నీళ్లు లేకుండా ఒక్క సెకను కూడా తిప్పొద్దు.

అడయార్_సెయిలర్:

ఇంజను కంటే ముందు వెనక పలక చూడండి. ఆ కాలం బోట్లలో ఫైబర్ మధ్యలో ప్లైవుడ్ ఉంటుంది. స్క్రూ రంధ్రాల్లోంచి నీళ్లు దిగితే లోపల కుళ్లిపోతుంది, పైకి మెరుస్తూనే ఉంటుంది. సుత్తి పిడితో తట్టుకుంటూ వెళ్లండి. టక్ టక్‌మనే చోట గట్టిగా ఉన్నట్టు, మొద్దుగా మోగితే పుచ్చినట్టు. ఇంజను కింది భాగాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఊపినప్పుడు పలక వంగుతుంటే ఇక బేరం కూడా ఆడొద్దు. కాలు దిగబడేలా బోటు లోపలి నేల మెత్తబడిందా అన్నదీ చూసుకోండి.

నీలాంకరై_వాసి:

వెనక పలక గట్టిగానే ఉంది, మూలల్లోనూ మోత తేడాగా లేదు. నేల ఒక్క చోట కాస్త మెత్తగా ఉంది. కంప్రెషన్‌లో మాత్రం మధ్య సిలిండర్ బాగా తక్కువ. ఇక ఇంజను మార్చాల్సిందే అనుకుంటున్నాను. టూ స్ట్రోకా, ఫోర్ స్ట్రోకా, డీజిలా?

కాశిమేడు_మెకానిక్:

నా ఓటు యమహా ఎండ్యూరో 40 (40 హార్స్‌పవర్), టూ స్ట్రోక్. చిక్కులేమీ ఉండవు, కార్బురేటరు, ప్లగ్గులు, పంపు. మన తీరంలో చేపల వాళ్లు ఉప్పులో, ఇసుకలో రోజూ తిప్పేది ఇలాంటివే. ఏ సందులోనైనా పార్టు దొరుకుతుంది, సరంగుకైనా విప్పడం వచ్చు. నూనె మాత్రం టీసీడబ్ల్యూ3 రకమే (బోటు టూ స్ట్రోక్ ఇంజన్ల నూనె), బైక్ నూనె కాదు. చేపల వాళ్లలో కొందరు కిరసనాయిలు మీద నడుపుతారు, కానీ అవి దానికోసం తయారైన ఇంజన్లు. మామూలు పెట్రోలు ఇంజనులో కిరసనాయిలు పోసి ప్రయోగాలు చేయొద్దు.

అడయార్_సెయిలర్:

అన్నా, రోజూ సముద్రంలోకి వెళ్లేవాడికి నువ్వు చెప్పింది కరెక్టు. ఆయన నెలకోసారి కుటుంబంతో తిరిగే మనిషి. హోండా, సుజుకీ, యమహా ఏదైనా సరే, ఫోర్ స్ట్రోక్ అయితే పొగ ఉండదు, చప్పుడు తక్కువ, పెట్రోలు బాగా ఆదా అవుతుంది. హోండా అయితే 1964 నుంచీ ఔట్‌బోర్డుల్లో ఫోర్ స్ట్రోకులే చేస్తోంది. బరువు ఎక్కువ, ధరా ఎక్కువ, అది ఒప్పుకుంటాను. సర్వీసుకి నీ దగ్గరికే రావాలి, అదీ ఒప్పుకుంటాను.

కాశిమేడు_మెకానిక్:

నెలకోసారి వాడేవాడికే అసలు తలనొప్పి. ఇప్పుడు బంకుల్లో పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. అది గాల్లో తేమని పీల్చుకుంటుంది, ట్యాంకులో కూర్చుంటే నీళ్లు వేరై అడుక్కి చేరతాయి. ఫోర్ స్ట్రోక్ ఫ్యూయల్ ఇంజెక్షన్ దాన్ని అసలు సహించదు. టూ స్ట్రోక్ అయినా పాత రబ్బరు పైపులు ఉబ్బిపోతాయి. ఏది కొన్నా నీళ్లు వేరు చేసే ఫిల్టర్ పెట్టుకో, పైపులు కొత్తవి వేయి, తిరిగొచ్చాక మంచినీళ్లతో కడిగి కార్బురేటర్లో పెట్రోలు అయిపోయేదాకా నడిపి ఆపు. డీజిల్ ఇన్‌బోర్డ్ (బోటు లోపల బిగించే ఇంజను) గురించి మాత్రం ఈ బోటుకి ఆలోచించకు, ఆ బరువు మోయలేదు.

రిటైర్డ్_చీఫ్_ఇంజనీర్:

ఈ ఇద్దరి వాదన ఎప్పటికీ తెగదు. నా లెక్క ఒక్కటే: బోటు ఉండే చోటికి 30 కిలోమీటర్ల లోపల ఏ ఇంజనుకి మెకానిక్కూ పార్టులూ ఉన్నాయో అదే నమ్మకమైన ఇంజను. నీలాంకరైలో ఉన్న మీకు రెండూ కుదురుతాయి. తడలో అయితే టూ స్ట్రోక్ తప్ప వేరే దారి లేదు.

పులికాట్ గురించి ఒక మాట. సరస్సు చాలా చోట్ల మోకాళ్ల లోతే. మీ బోటు అడుగు వి ఆకారంలో ఉంటుంది, ఫ్యాను (ప్రొపెల్లర్) బురదలో దిగుతుంది. అక్కడి పడవలు చదును అడుగుతో ఉండేది అందుకే. పైగా పక్షుల రక్షిత ప్రాంతం, అటవీ శాఖ అనుమతి కావాలి. శ్రీహరికోట వైపు రాకెట్ ప్రయోగాల రోజుల్లో దరిదాపులకి రానివ్వరు. 2011 డిసెంబర్ 25న పళవేర్కాడు (పులికాట్‌కి తమిళ పేరు) దగ్గర పర్యాటకుల పడవ మునిగి 20 మందికి పైగా చనిపోయారు. లైఫ్ జాకెట్లు లేకుండా పిల్లల్ని ఎక్కించకండి. ముట్టుకాడులో కూడా సొంత బోటు దింపడానికి ముందు పర్యాటక శాఖ బోట్ హౌస్‌లో అడిగి కనుక్కోండి.

నీలాంకరై_వాసి:

అయితే పులికాట్ ఆలోచన పక్కన పెట్టి ముట్టుకాడుకే చూస్తాను. బోటుకీ ట్రైలర్‌కీ మాత్రమే ధర కట్టి, ఇంజనుకి పాత ఇనుము రేటు ఇస్తానని చెప్పాను. మధ్యవర్తి నసిగాడు గానీ, హల్ నంబరు చూపించాక దిగొచ్చాడు. టూ స్ట్రోక్ 40కే వెళ్తున్నాను. షాఫ్ట్ ఎంతది తీసుకోవాలి?

కాశిమేడు_మెకానిక్:

వెనక పలక ఎత్తు మధ్యలో, నిలువుగా కొలువు. 15 అంగుళాల దగ్గర వస్తే పొట్టి షాఫ్ట్, 20 దగ్గర వస్తే పొడవుది, 25 అయితే ఇంకా పొడవుది. నీ బోటుకి 20 వస్తుందనుకుంటా. బిగించాక ఫ్యాను పైన ఉండే చదును రేకు బోటు అడుగుకి సమానంగా రావాలి. ముట్టుకాడు నీళ్లు ఉప్పూ తీపీ కలిసినవి కాబట్టి జింకు కాకుండా అల్యూమినియం ఆనోడ్ (ఇంజనుకి బదులు తాను తినేసుకుపోయే లోహపు ముక్క) వేయించు. కొలత పెట్టి ఫోన్ చెయ్యి, అప్పుడు అడ్వాన్స్ ఇద్దువు గాని.