క్రూయిజ్ షిప్‌లో తెల్లారేసరికి మాయమైన ఎమీ బ్రాడ్లీ: మీరు ఏ థియరీ నమ్ముతారు?

యారాడకొండ
రెండు రోజులుగా సరిగ్గా నిద్ర పట్టడం లేదు, అందుకే అడుగుతున్నాను. ఎమీ బ్రాడ్లీ కేసు మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 1998 మార్చిలో 23 ఏళ్ళ ఆ అమెరికా అమ్మాయి అమ్మానాన్నలతో, తమ్ముడితో కలిసి రాప్సొడీ ఆఫ్ ద సీస్ అనే షిప్ ఎక్కింది. 23వ తేదీ రాత్రి షిప్ కరీబియన్ సముద్రంలోని అరూబా దీవి నుంచి పక్క దీవి కురసావ్ వెళ్తోంది. అక్కాతమ్ముళ్ళు డిస్కోలో గడిపి మూడున్నర దాటాక కేబిన్‌కి వచ్చారు, తలుపు లాక్ రికార్డులో ఆ టైమ్ ఉంది. 5:15, 5:30 మధ్య తండ్రికి మెలకువ వచ్చి చూస్తే బాల్కనీలో కుర్చీలో పడుకుని ఉంది. ఆరింటికి చూస్తే లేదు. సిగరెట్లు, లైటర్ కూడా లేవు. ఇంతవరకూ దొరకలేదు.

నీళ్ళలో పడిందంటే, ఆమె లైఫ్‌గార్డ్ ట్రైనింగ్ తీసుకున్న మనిషి, షిప్ రేవు దగ్గరకి వచ్చేసింది, నాలుగు రోజులు గాలించినా ఆనవాలు లేదు. ఎత్తుకెళ్ళారంటే, షిప్ నుంచి ఒడ్డుకి అంతమంది దిగే మెట్లదారి, అంటే గ్యాంగ్‌వే మీదుగా ఎలా దాటించారు? తనే వెళ్ళిపోయిందంటే, ఇన్నేళ్ళలో ఇంటికి ఒక్క ఫోనైనా చేయదా?

2022లో మన వైజాగ్ పోర్టుకి క్రూయిజ్ వచ్చినప్పుడు అమ్మానాన్నలతో చెన్నై దాకా వెళ్ళాను. రాత్రి రెండింటి వరకు డెక్ మీద ఒక్కదాన్నే కూర్చుంటే నాన్న రెండుసార్లు లేచి వచ్చి చూసి వెళ్ళారు. అప్పుడు విసుక్కున్నాను. ఇప్పుడు ఆ తండ్రి సంగతే మనసులోంచి పోవడం లేదు.

పాతపోర్టు బోసన్
అమ్మా, నేను ముప్పై ఏళ్ళు కార్గో షిప్పుల్లో చేసి, డెక్ పనివాళ్ళ మేస్త్రిగా, అంటే బోసన్‌గా రిటైరయ్యాను. ఒకసారి మాకు భోజనాలు వడ్డించే మెస్‌మ్యాన్ పొద్దున ఏడింటికి టిఫిన్ దగ్గర కనిపించలేదు. ఆఖరుసారి చూసింది రాత్రి పదింటికి. గంటకి పన్నెండు నాటికల్ మైళ్ళ లెక్కన 108 మైళ్ళ దారిలో ఎక్కడ పడ్డాడో ఎవరికి తెలుసు? షిప్ తిప్పి వచ్చిన దారినే వెనక్కి వెళ్ళాం, రెయిలింగ్ పట్టుకుని కళ్ళు మండేదాకా చూశాం, దొరకలేదు. పడటం ఎవరైనా చూస్తే వేరు, లైఫ్‌బాయ్ (తేలే రింగు) విసురుతారు, ఒకడు వేలు చూపిస్తూ చూపు తిప్పకుండా నిలబడతాడు. చూడకపోతే అలల్లో మనిషి తల కొబ్బరికాయంత.

ఎమీ విషయంలో ఆ గడువు అరగంటే అంటున్నారు. కానీ ఆ అరగంట ఒక్క చూపు మీద ఆధారపడింది. నిద్రలోంచి లేచిన తండ్రి చూసింది నడుము నుంచి కిందకి, కాళ్ళు మాత్రమే. ఆయన్ని తప్పుపట్టడం లేదు, టైమ్ ఇరవై నిమిషాలు అటూ ఇటూ అయితే వెతకాల్సిన చోటే మారిపోతుందని చెబుతున్నాను. పైగా గ్యాంగ్‌వే దించొద్దు, మైకులో పిలవండి అని కుటుంబం అడిగితే ఇంత పొద్దున్నే కుదరదన్నారు. పిలిచింది 7:50 ప్రాంతంలో, అప్పటికే జనం దిగుతున్నారు. షిప్ అంతా వెతకడం మధ్యాహ్నానికి గాని మొదలవలేదు. పడిపోయినా, ఎవరి చేతికి చిక్కినా, కేసు పోయింది ఆ పూటే.

పెదజాలరిపేట
అక్కా, ఆనవాలు దొరకలేదు కాబట్టి నీళ్ళలో పడలేదని మాత్రం అనొద్దు. మా చిన్నాన్న వేటకి వెళ్ళినప్పుడు బోటు తిరగబడింది. ఇద్దరు ఈదుకొచ్చారు, ఆయన రాలేదు. ఆయన ఊళ్ళో అందరికన్నా బాగా ఈదేవాడు. గాలి దక్షిణం నుంచి ఉంది, మూడో రోజుకి భీమిలి పక్కన తేలతాడని పెద్దవాళ్ళు అంటే ముక్కాం దాకా ఒడ్డంతా నడిచాం. ఏమీ లేదు. కురసావ్ దగ్గర గాలి, నీటి లాగు రెండూ పడమటి వైపే, అంటే మనిషి దీవి నుంచి దూరంగా పోతూ ఉంటుంది.

మా నానమ్మ పోయేదాకా రోజూ సాయంత్రం ఒడ్డుకి వెళ్ళి కూర్చునేది. ఎవరం వద్దనలేదు.

ఎన్ఏడీ కొత్తరోడ్
మన ఊరికి ఇది తెలియనిది కాదు. 2016 జులై 22న తాంబరం నుంచి పోర్ట్‌బ్లెయిర్ వెళ్తున్న ఎయిర్‌ఫోర్స్ రవాణా విమానం ఏఎన్-32 మాయమైంది. 29 మందిలో ఎనిమిది మంది ఇక్కడి నేవల్ ఆర్మమెంట్ డిపో ఉద్యోగులు, మా నాన్న అక్కడే పనిచేసేవారు. ఎన్ని షిప్పులు, ఎన్ని విమానాలు వెతికాయో. ఒక ముక్క దొరకలేదు. చివరికి 2024 జనవరిలో, చెన్నైకి 310 కిలోమీటర్ల దూరంలో, 3,400 మీటర్ల లోతున శకలాలు ఉన్నాయని తేలింది. అంత పెద్ద విమానానికే ఏడున్నరేళ్ళు పట్టింది, ఒక్క మనిషి సంగతి ఏం చెప్తాం?

బీచ్‌రోడ్ వాకర్
దానికి ఎదురు సంగతి కూడా మన ఊళ్ళోనే ఉంది. 2022 జులైలో ఆర్కే బీచ్‌లో ఒకామె కనిపించకపోతే సముద్రమే లాక్కుపోయిందని అందరం అనుకున్నాం, నేవీ, కోస్ట్‌గార్డ్ వెతికాయి, తర్వాత వేరే ఊళ్ళో క్షేమంగా ఉందని తెలిసింది. పక్కనే సముద్రం ఉంటే ముందు దాని మీదికే పోతుంది మనసు. ఎమీని చూశామన్నవాళ్ళు ఒక్కరు కాదు: 1998 ఆగస్టులో కురసావ్ బీచ్‌లో టాటూలు గుర్తుపట్టిన టూరిస్టు, 1999లో అక్కడే ఒక వేశ్యాగృహంలో ఆమె పేరు చెప్పి సాయం అడిగిందన్న అమెరికా నేవీ మనిషి, 2005లో బార్బడోస్‌లో ఇంకొకరు. ఎఫ్‌బీఐ 25,000 డాలర్ల బహుమతి ప్రకటించింది. నేను ఎత్తుకెళ్ళారనే నమ్ముతున్నాను.

పాతపోర్టు బోసన్
తమ్ముడూ, నువ్వన్నది కొట్టిపారేయను. కానీ ఆ నేవీ మనిషి వెంటనే చెప్పలేదు, తర్వాత పత్రికలో ఫొటో చూశాక చెప్పాడు. ఎమీని విడిపిస్తానని నమ్మించి ఒకడు రెండు లక్షల డాలర్లకు పైగా తిన్నాడు, 2002లో కోర్టులో తప్పు ఒప్పుకున్నాడు. ఆశ ఉన్న ఇంటికి ఇలాంటివాళ్ళు వెతుక్కుంటూ వస్తారు.

2010లో ఆమె చట్టప్రకారం మరణించినట్టే అన్నారు. అదే ఏడు అమెరికా క్రూయిజ్ భద్రతా చట్టం తెచ్చింది: రెయిలింగ్ కనీసం 42 అంగుళాలు, తమ పౌరులు మాయమైతే వెంటనే ఎఫ్‌బీఐకి చెప్పాలి. పడినవాళ్ళని పట్టే పరికరాలు మాత్రం అందుబాటులో ఉన్నంత మేరకే అన్నారు. నాకు కోపం వచ్చేది దాని మీదే.

యారాడకొండ
అందరికీ థాంక్స్. నేను ఇప్పుడు పడిపోయిందనే వైపే ఉన్నాను, రాత్రికి మళ్ళీ మారతానేమో. జాలరిపేట తమ్ముడూ, మీ నానమ్మ మాట ఇందాక నాన్నకి చదివి వినిపించాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు, తర్వాత అన్నారు: ఆ రాత్రి డెక్ మీదికి వచ్చింది రెండుసార్లు కాదట, నాలుగుసార్లట.