అధ్యాపకుల ‘సాధనలు’ అనొచ్చా?

ఒక యూనివర్సిటీ ఫిలాసఫీ డిపార్ట్‌మెంట్ వార్తాపత్రాన్ని తెలుగు చేసే పని మా ఫ్రెండ్ మీద పడింది. ఎవరి పుస్తకం అచ్చయింది, ఎవరికి ఫెలోషిప్ వచ్చింది, ఎవరి దగ్గర ఎంతమంది పీహెచ్‌డీ పూర్తి చేశారు, ఇదీ సరుకు. అదంతా ఒక పూటలో అయిపోయింది. ‘ఫ్యాకల్టీ అచీవ్‌మెంట్స్’ అనే శీర్షిక దగ్గర మాత్రం రెండు రోజులుగా కూర్చున్నాడు.

మొదట ‘అధ్యాపకుల సాధనలు’ అని పెట్టాడట. కెమిస్ట్రీ వాళ్లకైతే చెల్లిపోయేదేమో. తత్త్వశాస్త్ర శాఖలో సాధన అంటే అందరూ పద్మాసనం వేశారనుకోరూ! ‘విజయాలు’ అంటే ఓడిందెవరని అడగాలనిపిస్తుంది. ఇక ‘ఘనకార్యాలు’ సంగతి సరేసరి. “ఏం ఘనకార్యం చేసొచ్చావ్?” అని ఇంట్లో తిట్లు తిననివాళ్లు ఎవరున్నారు?

అసలు తమాషా ‘సాధించు’ దగ్గరుంది. పతకం సాధిస్తే మెచ్చుకుంటాం. అదే అత్త కోడల్ని సాధిస్తే ఆ ఇల్లు నరకం. క్రియగా ఉన్నంతసేపూ రెండర్థాలూ సర్దుకుపోతాయి, ఎవర్నో దేన్నో పక్కనే చెబుతాం కాబట్టి. ‘సాధింపు’ అనగానే పతకం ఎగిరిపోయి అత్తగారే మిగులుతుంది.

అందుకే ఆ నామవాచకం జోలికే పోవద్దన్నాను. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో తత్త్వశాస్త్రం చెప్పిన ఆచార్య కొత్త సచ్చిదానందమూర్తిగారికి 1984లో పద్మభూషణ్, 2001లో పద్మవిభూషణ్ వచ్చాయి. ‘వచ్చాయి’ అంటాం, ‘అందుకున్నారు’ అంటాం. ‘ఆయన సాధనల్లో రెండు పద్మాలున్నాయి’ అంటే కుండలిని లెక్క అనుకుంటారు. శీర్షికకి ‘ఈ ఏడాది మా అధ్యాపకులు’ చాలు, కింద క్రియలే పని చూసుకుంటాయి. మీరేమంటారు?

↳ ‘ఘనతలు’ ఉందిగా అండీ? పేపర్లలో వాడుతున్నారు.

↳ వాడుతున్నారు, తప్పూ లేదు. నాకే ఎందుకో ‘ఘనత’ ఏకవచనంలో నిండుగా ఉంటుంది. ‘ఆ ఘనత ఆయనదే’ అన్నప్పుడున్న బరువు, ‘ఘనతలు’ అని గుత్తగా చెప్పేసరికి ఉండదు.

↳ శీర్షిక సంగతి తర్వాత. లోపల ‘తత్వశాస్త్రం’ అని ఒక తకారం మింగేశాడేమో చూడమనండి. తత్ + త్వం, రెండు తకారాలు, ఆపైన వకారం. ఆ శాఖ వాళ్లే తమ పేరు తప్పు రాస్తే బాగోదు.

↳ ఇప్పుడే అడిగానండీ. తొమ్మిది చోట్ల మింగాడు. కీబోర్డు మీద నెపం పెట్టబోయాడు గానీ, శాఖాధిపతి చూస్తే ఏమవుతుందో చెప్పాక తత్త్వం బోధపడింది.