గోండికి అధికార హోదా ఢిల్లీ ఇవ్వాలా, రాష్ట్రం ఇస్తే సరిపోతుందా?

గోదావరి గట్టు:
నిన్న భోజనాల దగ్గర పెద్ద వాదన. గోండుల భాష గోండిని రాజ్యాంగం గుర్తించిన భాషల జాబితా, అంటే ఎనిమిదో షెడ్యూలులో చేర్చాల్సిందేనని మా బావమరిది. వద్దని నేను. ఇప్పటికే అందులో 22 భాషలున్నాయి, తలుపు తీస్తే తుళు, భోజ్‌పురి, రాజస్థానీ అన్నీ వరసకడతాయి. పైగా గోండికి లిపి లేదు, ఒక రూపమూ లేదు. ఆదిలాబాద్ గోండిలో తెలుగు, గడ్చిరోలి వైపు మరాఠీ, మండ్లా వైపు హిందీ కలిసిపోయాయి. ఏ గోండిని అధికార భాష చేస్తారు? నాది తప్పయితే చెప్పండి, తిట్టకండి.

లెక్కల లక్ష్మి:
తిట్టను గానీ లెక్క చెబుతా. 2011 జనాభా లెక్కల్లో గోండి మాట్లాడేవాళ్లు దాదాపు 29.8 లక్షలు. 2003 సవరణతో షెడ్యూలులోకి వచ్చిన బోడోకి 14.8 లక్షలు. మొదటి రోజు నుంచీ ఉన్న సంస్కృతానికి 24,821. ఇంతకీ ఇది కొత్త కోరికా కాదు. 1949 సెప్టెంబరులోనే రాజ్యాంగ సభలో ఆదివాసీ నాయకుడు జైపాల్ సింగ్ ముండా, కనీసం ముండారి, గోండి, ఒరావ్ మూడింటినైనా చేర్చమన్నారు. వినలేదు. అప్పటి పద్నాలుగు భాషల్లో ఆదివాసీ భాష ఒక్కటీ లేదు. సంతాలీ వచ్చేసరికి అర్ధ శతాబ్దం దాటింది. మీ వరస ఎప్పటి నుంచి లెక్కపెడుతున్నారు గట్టు గారూ?

ఉట్నూరు మాస్టారు:
అందరికీ రామ్ రామ్. నేను గోండునే, ఒకటో తరగతికి చెప్తా. లిపి లేదన్న మాట దగ్గర ఆగాల్సొచ్చింది. నార్నూర్ దిక్కు గుంజాలలో పాత రాతప్రతులు దొరికినయి, ఆ లిపి 2018లో యూనికోడ్‌లకు, అంటే కంప్యూటర్ల అక్షరాల పట్టికలకు గూడ ఎక్కింది. బాలాఘాట్ దిక్కు మంగల్ సింగ్ మసారాం చేసిన లిపి ఇంకోటున్నది. కుమ్రం భీం జోడేఘాట్ పోరాటం తర్వాత, 1940లలో మా గోండుల మీద పరిశోధన చేసిన హైమెన్‌డార్ఫ్ దొర మార్లవాయిలో బడి పెట్టించి గోండి వాచకాలు తెస్తే అవి దేవనాగరిలో వచ్చినయి. ఇప్పుడు మా పిల్లలు తెలుగు అక్షరాల్లో రాస్తరు. మాకు లిపి లేక కాదు సార్, ఎక్కువై బాధ.

రూపం సంగతంటరా, శ్రీకాకుళం తెలుగు, నిజామాబాద్ తెలుగు ఒక్కటేనా? మీకు పాఠ్యపుస్తకం వచ్చినంక ఒక రూపం కుదిరింది. మాకు ముందు రూపం కుదరాలె, అప్పుడు పుస్తకమిస్తమంటే ఎట్ల?

ఒక చిన్న ముచ్చట. కొత్తగ వచ్చిన టీచరమ్మతోని ఒక పిలగాడు "ఏర్, ఏర్" అన్నడు. ఏటికి పోతనంటున్నడని ఆమె గట్టిగ కూసోమన్నది. గోండిల ఏర్ అంటే నీళ్లు. వానికి దూపైతున్నది. తెలుగుకు ఇంత దగ్గరి భాషల్నే ఇట్లుంటది.

నల్లకోటు:
మీరంతా షెడ్యూలు చుట్టూనే తిరుగుతున్నారు. దానివల్ల వచ్చేది సివిల్స్ పరీక్ష రాసే వీలూ, కొంత గౌరవమూ. రాజ్యాంగం 351 అధికరణ చదవండి, ఆ షెడ్యూలు భాషల నుంచి మాటలు తీసుకుని హిందీని పెంచాలట! అసలు తాళంచెవి 345లో ఉంది. రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషనైనా శాసనసభ అధికార భాష చేసుకోవచ్చు, షెడ్యూలులో ఉండనక్కర్లేదు. త్రిపుర 1979లో కొక్‌బొరోక్‌కి ఇచ్చింది. మేఘాలయ 2005లో ఖాసీ, గారోలను సహ అధికార భాషలు చేసింది. అవి మూడూ నేటికీ షెడ్యూలులో లేవు. 2017లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేసిన తెలంగాణ, ఏజెన్సీ మండలాల వరకు గోండిని చెయ్యలేదా? ఢిల్లీ పేరు చెప్పుకోవడం హైదరాబాదుకు సుఖంగా ఉంది, అంతే.

గోదావరి గట్టు:
345 సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటున్నా. షెడ్యూలు గొడవ వదిలేస్తా. కానీ గోండిలో రాసిన దరఖాస్తును మండలాఫీసులో చదివేదెవరు? పరాగ్వే చూడండి. జనంలో ఎక్కువమందికి అక్కడి ఆదివాసీ భాష గ్వారానీ వచ్చు, 1992 రాజ్యాంగం దాన్ని స్పానిష్ పక్కన కూర్చోబెట్టింది. అయినా ఆఫీసు కాగితాలు చాలావరకు స్పానిష్‌లోనే నడుస్తాయి. బోర్డు మారితే సరా?

ఉట్నూరు మాస్టారు:
కాగితం కాడికి ఎందుకు ఉరుకుతున్నరు అన్నా? ముందు నోటికియ్యండి. దవాఖానల, కోర్టుల ఇద్దరి మాటా తెలిసినోడు ఒకడుండాలె. గ్రామసభల తీర్మానం ఏందో ముసలమ్మకు గోండిల చెప్పినంకనే వేలిముద్ర తీసుకోవాలె. దీనికి లిపి తగాదా అడ్డం రాదు. నాకైతే హోదా అంటే ఇదే.

ఇగ నన్ను నిజంగ గుంజుతున్నది వేరే. నా తరగతిల నలుగురు కొలాం తెగ పిల్లలున్నరు. వాళ్ల కొలామీ వేరే భాష. రేపు గోండి అధికార భాషైతే వాళ్లకు నేనే ఆ టీచరమ్మనైత.

నల్లకోటు:
345లో "ఒకటి లేదా అంతకన్నా ఎక్కువ" అనే ఉంది మాస్టారూ. కొలామీ కూడా పెట్టొచ్చు.

ఉట్నూరు మాస్టారు:
పెట్టొచ్చు సార్. కొలామీ వచ్చిన టీచర్‌ను ఒక్కర్ని చూపియ్యండి, నా కుర్చీ పక్కన కుర్చీ వేస్త.