మాగ్నెటైట్ చేస్తే రామన్‌లో హెమటైట్ వస్తోంది, ఎందుకు?

ప్రశ్న:
ఫెర్రస్, ఫెర్రిక్ క్లోరైడ్‌లను 1:2 నిష్పత్తిలో కలిపి, అమ్మోనియా పోసి మాగ్నెటైట్ (నల్లటి, అయస్కాంతానికి అతుక్కునే ఐరన్ ఆక్సైడ్) చేశాను. పొడి కాటుకలా నల్లగా ఉంది, అయస్కాంతం చూపిస్తే సీసా గోడకి అతుక్కుంటోంది. ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్‌రేలతో స్ఫటిక నిర్మాణం చూసే పరీక్ష) కూడా సరిపోయింది. రామన్‌లో (లేజర్ వెలుగు వేసి, చెదిరిన వెలుగుని బట్టి పదార్థాన్ని గుర్తుపట్టే పరీక్ష) మాత్రం 668 దగ్గర ఉండాల్సిన మాగ్నెటైట్ పీక్ లేదు. 225, 292, 411 దగ్గర హెమటైట్‌వి (ఎర్రటి ఐరన్ ఆక్సైడ్) సూదుల్లాంటి పీకులు, 1320 దగ్గర ఓ పెద్ద దిబ్బ. ఆ దిబ్బ కార్బన్ డి బ్యాండ్ (కార్బన్ ఉంటే కనిపించే ఒక పీక్) అంటాడు మా జూనియర్. నేను కార్బన్ కలిపితే కదా! 532 నానోమీటర్ల లేజర్, 50ఎక్స్ లెన్స్. ఎల్లుండి మా సార్‌కి చూపించాలి, టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
లేజర్ పవర్ ఎంతో రాయలేదు, అసలు సంగతి అక్కడే ఉంది. నల్లపొడి వెలుగుని మింగేస్తుంది. లెన్స్ ఆ వెలుగునంతా మైక్రాన్ చుక్కలో గుచ్చితే ఆ పొడి అక్కడికక్కడే గాలిలో కాలి హెమటైట్ అవుతుంది. 1320 కూడా హెమటైట్‌దే. కార్బన్ అయితే 1580 దగ్గర జి బ్యాండ్ అనే దాని రెండో పీక్ కూడా ఉండాలిగా? పీహెచ్‌డీ మొదటి ఏడాది నేనూ ఇలాగే మంచి శాంపిల్‌ని రెండుసార్లు పారబోసి మళ్లీ చేశాను. రామన్ గారు 1928లో పాదరస దీపం పెట్టుకుని గంటల తరబడి ఎదురుచూసేవారు, మనమేమో పది సెకన్లలో శాంపిల్‌ని మాడ్చేస్తున్నాం. పవర్ ఒక మిల్లీవాట్ కంటే బాగా తగ్గించి కొత్త చోట తీయండి. పాత చోటుని మైక్రోస్కోప్‌లో ఓసారి చూడండి.

ప్రశ్న అడిగినవారు:
చూశానన్నా, ఎర్రటి మచ్చ! ఫిల్టర్‌తో లేజర్ పవర్‌ని 1 శాతానికి దించి, పది నిమిషాలు కూర్చుని తీశాను. 670 దగ్గర పీక్ వచ్చింది. కానీ 700 వైపు భుజంలా ఉబ్బింది, 350 దగ్గర, 500 దగ్గర కూడా ఏదో ఉంది.

జవాబు 2:
ముందు మెషీన్ సరిగ్గా చూపిస్తోందో తెలియడానికి సిలికాన్ ముక్క పెట్టి దాని పీక్ 520.7 దగ్గర సరిగ్గా వస్తోందో లేదో చూసుకోండి. అది సరిగ్గా ఉంటే ఆ భుజం మాఘమైట్‌ది (మాగ్నెటైట్ ఆక్సీకరణ చెందితే వచ్చే ఇంకో ఐరన్ ఆక్సైడ్). నానో కణాలు గాలి తగిలితే మెల్లగా అలా మారతాయి. మాఘమైట్ కూడా అయస్కాంతానికి అతుక్కుంటుంది. ఎక్స్‌ఆర్‌డీలో రెండింటి పీకులూ దాదాపు ఒకచోటే పడతాయి కాబట్టి అది సరిపోయిందని ధీమా వద్దు. పొడిని ఎలా ఆరబెట్టారు?

ప్రశ్న అడిగినవారు:
మామూలు ఓవెన్‌లో, 80 డిగ్రీల దగ్గర, రాత్రంతా. వ్యాక్యూమ్ ఓవెన్‌కి క్యూ ఉందని...

జవాబు 2:
క్యూలో నిలబడండి.