ధాత సంవత్సరం తనఖా కాగితం: 1877దా, 1937దా?

నాగావళి:
మాది రాజాం దగ్గర పల్లె. వంశవృక్షం అచ్చు వేయిస్తున్నాం. పాత ట్రంకుపెట్టెలో ఒక తనఖా కాగితం దొరికింది. ‘ధాత సం॥ మాఘ శు॥ 15’ అని తేదీ, కింద మా ముత్తాతగారి తాత పేరు, నిశాని. ఆయన కరువులో పొలం తాకట్టు పెట్టి బర్మాలోని రంగూన్ వెళ్లిపోయాడని ఇంట్లో చెప్పుకుంటారు. ధాత కరువంటే 1876 కదా, 1877లో వెళ్లాడని రాసేయమంటున్నారు మా పెదనాన్న. రాయొచ్చా?

కవిలెకట్ట:
రాయొద్దండి. సంవత్సరం పేరు అరవై ఏళ్లకోసారి తిరిగొస్తుంది. ధాత 1876-77లో వచ్చింది, మళ్లీ 1936-37లో వచ్చింది. పైగా మనవైపు మనవడికి తాత పేరే పెడతారు. అప్పన్నలు, కూర్మయ్యలు, సూర్యనారాయణలు ఊరికి ఎంతమంది! మీ ముత్తాత పేరు కూడా అదే అయితే, ఒకరి బతుకు తీసుకెళ్లి ఇంకొకరికి అంటగట్టినట్టే. చనిపోయినవాళ్లకి అంతకంటే అన్యాయం ఉండదు. స్టాంపు మీద రాణి బొమ్మ ఉందా (1877 అయితే), రాజు బొమ్మ ఉందా (1937 అయితే)?

గజపతినగరం:
పెద్దల మాటని అంత తేలిగ్గా తీసేయకండి. జమీందారీ ఊళ్లలో మామూలు రైతుకి కాగితం ఎక్కడిది? 1948 చట్టంతో ఎస్టేట్లు రద్దయ్యేదాకా చాలామంది పేర్లు సర్కారు లెక్కల్లోకి సరిగా ఎక్కనే లేదు. కాగితం ఉంటేనే నమ్ముతామంటే మన ఊళ్లలో సగం మందికి తాతలే లేరనాలి.

కవిలెకట్ట:
పెద్దల మాట వద్దనట్లేదు. అది ఏ కాలానిదో చూద్దామంటున్నా. ధాత కరువు ఎక్కువగా మాడ్చింది బళ్లారి, కర్నూలు, కడప వైపు. గంజాం జిల్లాని తినేసిన కరువు 1866ది, అది అక్షయ సంవత్సరం. శ్రీకాకుళం అప్పట్లో గంజాంలోనే ఉండేది. రంగూన్ మాటతోనూ తేదీ తేలదు. మారిషస్, దక్షిణాఫ్రికాలోని నటాల్ వెళ్లిన కూలీలకి తండ్రి పేరు, ఊరు రాసిన రిజిస్టర్లున్నాయి. బర్మా 1937 ఏప్రిల్ దాకా ఇండియాలో భాగమే. భీమిలిలో స్టీమరెక్కినవాడికి ఆ రాతకోతలు లేవు.

తిథి పక్కన వారం ఉందేమో చూడండి. మాఘ పున్నమి 1877లో జనవరి 29, సోమవారం. 1937లో ఫిబ్రవరి 25, గురువారం.

నాగావళి:
మా ముత్తాత పేరూ అదేనండి. స్టాంపు ఉన్న మూల చెదలు తినేశాయి. వారం సరిగ్గా మడత మీద పడి సిరా పాకిపోయింది. ఫోన్ లైటు వెనక నుంచి పెట్టి చూస్తే ‘లక్ష్మివా’ దాకా స్పష్టంగా కనిపించింది. గురువారమే! పెదనాన్నకి చెప్పాలంటే టెన్షన్‌గా ఉంది.

గజపతినగరం:
తాత కాగితానికి మనవడు నకలు రాయించుకుని ఉండొచ్చు కదా?

కవిలెకట్ట:
నకలైతే పాత తేదీతో పాటు పాత వారమే వస్తుంది, సోమవారం ఉండాలి. ఈ కాగితం ముత్తాతది. ఆయన తాత కోసం ఇనాం (పన్ను మినహాయించో తగ్గించో ఇచ్చిన భూమి) రిజిస్టర్ వెతకండి. 1858లో ఏర్పడ్డ ఇనాం కమిషన్ ఇనాందారు పేరు, వయసు కూడా రాయించింది. మీకు ఇనాం భూమి ఉంటేనే లెండి, అంతా జిరాయితీ (మామూలుగా శిస్తు కట్టే భూమి) అయితే అందులో దొరకడు. అప్పుడు వృక్షంలో పేరు వేసి, రంగూన్ సంగతి ‘ఇంట్లో చెప్పుకునే మాట’ అని సంవత్సరం లేకుండా రాయండి.

గజపతినగరం:
అలా అయితే నాకూ సమ్మతమే. కానీ ఆ మాట ఎవరు చెప్పారో, వాళ్లకి ఎవరు చెప్పారో కూడా రాయాలి. మీ పెదనాన్న పేరు అక్కడ ఉండి తీరాలి.